మనోవ్యాధికి మందు లేదా?

“మనోవ్యాధికి మందు లేదు” అను సామెతను వినని యిల్లు తెలుగునాట లేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెవరితోను మాటలాడక మూల కూర్చుండిన నీ మాటయే వినబడును. పంట పోయిన రైతు నెల దినములుగా నిద్ర లేక పెరటిలో తిరుగాడుచున్నను ఈ మాటయే. కాపురమునకు వచ్చిన కోడలు పొయ్యిముందు కూర్చుండి కారణము చెప్పజాలక కన్నీరు కార్చుచున్నను ఈ మాటయే. సామెత యనునది పెద్దల యనుభవసారమని మనము చదువుకొన్నాము. కాని సామెతలన్నియు అనుభవమునుండి పుట్టినవి కావు. కొన్ని సోమరితనమునుండి పుట్టినవి. కొన్ని భయమునుండి పుట్టినవి. తాము తీర్పలేని బాధను తీరనిదని చెప్పి చేతులు దులుపుకొనుటకు పుట్టిన సామెత యిది. ఇది యబద్ధమనియు, ప్రాణములు తీయు నబద్ధమనియు, చదువుకొన్న కుటుంబములు దీనిని గడప లోపలికి రానీయరాదనియు మేమిచ్చట వాదింపదలచితిమి.

మా వాదమును గాలిలో నిలుపక ఒక నేలపై నిలుపుదుము. కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములు గలవు. ఆదోని ప్రత్తికి పేరుపడ్డ యూరు. దాని మార్కెట్టు యార్డునకు పంటకాలమున చుట్టుప్రక్కల పల్లెలనుండియే గాక కర్ణాటక సరిహద్దు గ్రామములనుండియు ప్రత్తి వచ్చి చేరును. జిన్నింగు మిల్లులును వర్తకమును చూచి పూర్వులు దీనిని రెండవ బొంబాయి యని మురిసిపోయిరి. ఎమ్మిగనూరు మగ్గములకు పేరుపడ్డ యూరు. 1938లో మాచాని సోమప్పగారు అచ్చటి నేతగాండ్రను కూడగట్టి సహకార సంఘమును స్థాపించిరి. ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఈ రెండూళ్ల చుట్టును కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, హొళగుంద మున్నగు మండలముల పల్లెలు వ్యాపించియున్నవి. అవి చాలవఱకు వానను నమ్ముకొన్న పొలములు. తుంగభద్ర దిగువకాలువ పాఱుచున్నను చివరి పొలములవారికి నీటికై యెదురుచూపులు తప్పవు.

వాన తప్పిన యేట ఈ పల్లెలు సుగ్గికి పోవును. సుగ్గి యను మాట కన్నడము మాటలాడు పొరుగువారినుండి వచ్చినది. పంట కోతల కాలమని దాని యర్థము, సంబరమునకు చెందిన మాట. అట్టి మాటకు ఈ ప్రాంతమున నేడు వలస యని యర్థము స్థిరపడినది. గుంటూరు మిరప చేలకు కొందఱు, బెంగుళూరు కట్టడములకు కొందఱు బయలుదేఱుదురు. ఇండ్లకు తాళములు పడును. అరుగులపై ముసలివారు మిగులుదురు. బడిలో నుండవలసిన పిల్లలలో కొందఱు తల్లిదండ్రుల వెంట పోదురు, కొందఱు అవ్వ కొంగు పట్టుకొని నిలిచిపోదురు. తిండిగింజలు లేక పోవుచున్నారని మనకు తెలియును. వారు మూటలో కట్టుకొని పోవు దిగులును, అరుగుపై విడిచిపోవు దిగులును మనము లెక్కలో వేయుట లేదు. మగ్గము గుంటలో దినమంతయు కూర్చుండి, మరమగ్గము గుడ్డ ధరతో తన గుడ్డ పోటీపడజాలదని తెలిసియు నేయుచున్నవాని మనస్సులో నేమి జరుగుచున్నదో అడిగిన వారెవరు?

“ఇవన్నియు కలిగినవారి వ్యాధులు, కూలివానికి క్రుంగుటకు తీరిక యెక్కడిది?” అని కొందఱు పెద్దమనుష్యులు మాకు బదులు చెప్పుదురు. ఈ మాట వినుట కింపుగా నుండును గాని లెక్కలముందు నిలువదు. జాతీయ నేరనమోదు సంస్థ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో నాలుగవ వంతునకు మించినవారు దినకూలీలు. సేద్యముతో బ్రదుకువారు 11 వేలకు పైబడియుండగా, గృహిణులు 25 వేలకు పైబడి యున్నారు. పత్రికలలో రైతు మరణమునకు శీర్షిక దొరకుచున్నది, అది న్యాయమే. కాని రైతులకు రెండింతలకు మించిన సంఖ్యలో గృహిణులు ప్రాణములు విడుచుచుండగా దానికి శీర్షిక యేది? ఆ లెక్కలలోనే కారణముల పట్టికలో అన్నిటికంటె ముందున్నది “కుటుంబ సమస్యలు”. మూడింట ఒక వంతుకు చేరువగా మరణములు ఆ మాట క్రింద చేరియున్నవి. తీరిక గలవారి వ్యాధి యనువారు ఈ సంఖ్యలను మఱియొకసారి చదువుదురు గాక. వ్యాధి మన వంటయింటనే యున్నది. మనము దానిని ధనికుల మేడలలో వెదకుచున్నాము.

ఇచ్చట ఒక భేదమును స్పష్టముగా చెప్పవలసియున్నది. దుఃఖము వేఱు, క్రుంగుబాటు వేఱు. దుఃఖము వ్యాధి కాదు. ప్రియమైనవారు పోయినప్పుడు ఏడ్వనివాడే రోగి. దుఃఖము అలవలె వచ్చి పోవుచుండును. పోయినవారి జ్ఞాపకముతో కన్నీరును, ఒక్కొక్కప్పుడు చిఱునవ్వును కూడ వచ్చును. దినములు గడచినకొలది దాని తాకిడి తగ్గును. క్రుంగుబాటు అట్టిది కాదు. రెండు వారములకు మించి దినమంతయు మనస్సు మబ్బు పట్టియుండును. ఇష్టమైన పనియు చేదగును. ఆకలి నిద్రలు తప్పును లేదా మితిమీఱును. చేయని తప్పునకు తన్ను తాను నిందించుకొనుట మొదలగును. బ్రదుకు బరువై, చావు సుఖమని తోచును. దుఃఖితుడు “నా లోకము శూన్యమైన”దనును. క్రుంగినవాడు “నేనే శూన్యుడ”ననును. కొందఱిలో దుఃఖమే తీరక నిలిచిపోయి, నెలలు గడచినను మొదటి దినమువలెనే పీడించును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తమ కొత్త వ్యాధిపట్టికలో దీనిని వేఱుగా గుర్తించి చేర్చిరి. మన యిండ్లలో జరుగుచున్న పొరపాటు రెండు విధములది. దుఃఖించువారిని “ఇక చాలు, ఊరుకొ”మ్మని త్వరపెట్టుదురు. క్రుంగినవారిని “కాలమే మాన్పు”నని కాలమునకు విడిచిపెట్టుదురు. కాలము కావలసినవారికి కాలమీయరు, వైద్యము కావలసినవారికి వైద్యమీయరు.

ధైర్యము చెప్పిన చాలదా యని అడుగువారు గలరు. వారు నిత్యము పారాయణము చేయు గ్రంథమునే సాక్ష్యముగా తెత్తుము. భగవద్గీత మొదటి యధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. కాళ్లు చేతులు పట్టుతప్పుట, నోరెండుట, మేను వణకుట, చేతి విల్లు జాఱుట, నిలువలేకపోవుట, మనస్సు గిఱ్ఱున తిరుగుట అందు వర్ణితములు. నేటి వైద్యుడు రోగిని పరీక్షించి వ్రాసికొను లక్షణములలో అనేకము లందున్నవి. అప్పుడు సారథి చేసిన మొదటి పని యేమి? ఇది నీకు తగని పిఱికితనమని గద్దించెను. ఆ గద్దింపుతో అర్జునుడు లేచెనా? లేవలేదు. యుద్ధము చేయనని చెప్పి మౌనము వహించెను. గ్రంథమక్కడ ముగియలేదు, అసలు మొదలైన దక్కడనే. గద్దింపు పనిచేయలేదని తెలిసికొన్న సారథి కూర్చుండి మాటలాడెను, ప్రశ్నలడుగనిచ్చెను, అడిగినదానినే మరల నడిగినను విసుగుకొనలేదు. మన యిండ్లలో పెద్దలు రెండవ యధ్యాయము మొదటి శ్లోకములయొద్దనే నిలిచిపోవుచున్నారు. గద్దించుట మాత్రము నేర్చుకొన్నారు. తరువాతి పదునాఱధ్యాయముల ఓపిక నేర్చుకొనలేదు.

ఇక మన యాచారములను చూతము. మరణము సంభవించిన యింట స్త్రీలు కూడి శోకములు పెట్టుట ఈ సీమలో కలదు. నాగరికులమనుకొనువారు దీనిని మోటతనమని యీసడింతురు. మేము వారితో ఏకీభవింపము. పదిమంది నడుమ గొంతెత్తి యేడ్చుటలో ఒక విధమైన చికిత్స యున్నది. పోయినవాని గుణములను పేరుపేరున తలచి యేడ్చు ముసలమ్మ ఆ యింటివారి గుండెబరువును పంచుకొనుచున్నది. నింద్యమైనది ఆ తరువాత జరుగునది. దినకర్మలనాడు భర్త పోయిన స్త్రీ గాజులు పగులగొట్టి, బొట్టు చెఱపి, అప్పటికే విఱిగిన మనస్సును పదిమంది కన్నులయెదుట మఱల విఱుతురు. చుట్టములు బండి యెక్కిన మఱునాటినుండి ఆమె శుభకార్యములకు పనికిరానిది. నవ్విన తప్పు, ఏడ్చిన అపశకునము. వీరేశలింగంగారు వితంతువుల కొఱకు పోరాడి నూరేండ్లు దాటినను ఈ ముచ్చట యింకను మనలను విడువలేదు. వైద్యశాస్త్రము క్రుంగుబాటునకు హేతువులని చెప్పు ఒంటరితనము, అవమానము, నిరాశ అను మూడింటిని మనమే చేతులార వడ్డించి, తరువాత “ఆమెకు మతి చలించిన”దని చెప్పుకొనుచున్నాము.

పురుషుని గతి యింతకంటె మేలు కాదు. “నవ్వే ఆడదానిని ఏడ్చే మగవానిని నమ్మరా”దని మఱియొక సామెత యున్నది. ఒక్క వాక్యములో స్త్రీకి సంతోషమును పురుషునికి దుఃఖమును నిషేధించిన ఘనత దీనిది! ప్రత్తిచేను పోయి, అంగడివానికి మొగము చూపలేక, భార్యకు నిజము చెప్పలేక, రాత్రి నిద్రలేని రైతు తన బాధను ఎచ్చట చెప్పుకొనవలెను? చెప్పుకొన్న మగతనము పోవును. చెప్పుకొనకున్న ప్రాణము పోవును. అట్టివాడు సారాయి దుకాణమున కూర్చుండిన, త్రాగుబోతని నిందించుటకు మాత్రము ఊరంతయు సిద్ధము.

క్రుంగుబాటును గాలి యనియు దయ్యమనియు చేతబడి యనియు పిలుచుట మఱియొక యాచారము. పురిటి మంచముపై పసిబిడ్డ మొగము చూడనొల్లని బాలెంతకు గాలి సోకినదని వేపమండలతో కొట్టించుచున్నారు. మేము దేవునితో కలహింప రాలేదు. శ్రావణమున ఉరుకుంద యీరన్నస్వామి సన్నిధికి పోయి మ్రొక్కువారిని, మంత్రాలయమున తుంగభద్రలో మునిగి రాఘవేంద్రుల బృందావనమునకు ప్రదక్షిణము చేయువారిని, దర్గా మెట్లపై కూర్చుండి కన్నీరు తుడుచుకొనువారిని మేము హేళన చేయము. నలుగురితో కలిసి నడచుటయు, తన బాధను ఒకరికి నివేదించుటయు మనస్సునకు ఊఱటయే. కాని విఱిగిన కాలికి మ్రొక్కుతో బాటు కట్టు కట్టింతుము గదా! మనస్సునకు మ్రొక్కు మాత్రము చాలునని యెవరు చెప్పిరి? మ్రొక్కు పేరుతో సంకెల వేయునప్పుడు మాత్రము మేము మౌనముగా నుండజాలము. తమిళనాట ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీన ఒక ప్రైవేటు ఆశ్రయమున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు పరుగెత్తలేక మరణించిరి. వారిని అచ్చట విడిచినవారు శత్రువులు కారు, తల్లిదండ్రులును తోబుట్టువులును. మనోవ్యాధికి మందు లేదని నమ్మినవారు చేయు పని యట్లే యుండును.

మందు లేదా? ఉన్నది. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ క్రుంగుబాటునకు పనిచేయు నొక యౌషధమును గూర్చి ప్రకటించినది మొదలు ఈ అఱువది యేండ్లకు పైగా అట్టి మందులు అనేకము వచ్చినవి. అవి మత్తుమందులు కావు. పని చేయుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. కొంచెము నెమ్మదించగానే మానిన వ్యాధి తిరుగబెట్టును. మందుతోబాటు, తేలిక పాటి బాధలో మందునకు మాఱుగా, మాటలతో చేయు చికిత్సయు కలదు. ఇవి యందఱికిని ఒకే విధముగ పనిచేయవు. ఒకటి పనిచేయనిచో వైద్యుడు వేఱొకటి మాఱ్చును. రక్తపుపోటునకు మందు మాఱ్చినప్పుడు మనము వైద్యశాస్త్రమే అబద్ధమనుచున్నామా?

ఈ మందు పల్లెకు చేరదందురా? చేరునని నిరూపించినది మన పొరుగు జిల్లాయే. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమున చేరువఱకు బళ్ళారి జిల్లాలోనిది. ఆ బళ్ళారి జిల్లాలోనే 1985 మొదలు అయిదేండ్ల పాటు బెంగుళూరు నిమ్హాన్స్ వారు ఒక ప్రయోగము చేసిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకును ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణ నిచ్చి, ముఖ్యమైన మందులను అచ్చటనే యుంచి, సామాన్య వైద్యుడే మనోవ్యాధులలో చాలవానిని గుర్తించి చికిత్స చేయగలడని చూపిరి. దానిని నమూనాగా గైకొని కేంద్రప్రభుత్వము 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును మొదట నాలుగు జిల్లాలలో ప్రారంభించెను; వానిలో మన మెదకు ఒకటి. అనగా దేశమునకంతయు దారి చూపిన దీపము మన యింటి ప్రక్కనే వెలిగినది. మనమింకను చీకటిలో నుండి, దీపమే లేదని సామెత చెప్పుకొనుచున్నాము. నిమ్హాన్స్ వారే 2015-16లో 12 రాష్ట్రములలో చేసిన జాతీయ సర్వేలో, క్రుంగుబాటుతో నున్న 100 మందిలో 80 మందికి పైగా ఏ చికిత్సయు పొందుట లేదని తేలినది. మందు లేక కాదు. మందు ఉన్నదని నమ్మక, నమ్మినను సిగ్గుచేత, సిగ్గు విడిచినను చేరువలో వైద్యుడు లేక.

ఈ మూడింటిలో వైద్యుని కొఱత ప్రభుత్వము తీర్పవలసినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను ప్రజల హక్కుగా ప్రకటించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నమునకు శిక్ష విధించు పాత సెక్షను లేదు. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 అను నంబరుపై ఏ వేళనైనను ఉచితముగా తెలుగుననే మాటలాడవచ్చును. చట్టము మంచిదే, కాని కాగితముపైని హక్కు కర్నూలు పెద్దాసుపత్రికి బస్సు టిక్కెట్టు కాదు. ఒకనాటి కూలి పోగొట్టుకొని, వెంట మఱియొకరి కూలియు పోగొట్టి, నెలనెలయు పోయి వచ్చుట సుగ్గి కుటుంబమునకు సాధ్యమా? ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులలోను, ప్రతి మండలపు ఆరోగ్యకేంద్రమునను ఈ మందులును, వానిని వ్రాయనేర్చిన వైద్యుడును ఉండవలెనని అడుగుట భిక్ష కాదు, బాకీ వసూలు.

“అప్పు తీర్చుడు, నీరిండు, ధర యిండు, మనస్సు తానే కుదురుకొనును. కరవునకు మాత్ర మందా?” అని మా మిత్రులు కొందఱు ఆగ్రహింతురు. వారి యాగ్రహములో సగము సత్యమున్నది. నీరడిగినవానికి మాత్ర యిచ్చి పంపుట వంచనయే. కాని మాత్ర కావలసినవానిని నీరు వచ్చువఱకు ఆగుమనుట అంతకంటె పెద్ద వంచన. కాలువ వచ్చునప్పటికి వాడు బ్రదికియుండవలెను గదా! ప్రభుత్వపు తీరును చూడుడు. 2004లో 421వ జి.ఓ. వచ్చినది మొదలు ఆత్మహత్య చేసికొన్న రైతు కుటుంబమునకు పరిహారమిచ్చు పద్ధతి యేర్పడినది. మొదట లక్షయు, అప్పు తీర్చుటకు మఱి యేబదివేలును. తరువాత 5 లక్షలు, ఆపై 7 లక్షలు. దానికై విచారణ సంఘము వచ్చును. పాసుపుస్తకమెవరి పేర నున్నది, అప్పుపత్రమేది యని అడుగును. కౌలుదారుడైన, కాగితము లేకున్న, చచ్చినవాడు రైతే కాడు. ఆ స్త్రీకి నిద్ర పట్టుచున్నదా, పిల్లలు మాటలాడుచున్నారా యని అడుగు గడి ఆ పత్రములలో నెచ్చటను లేదు. చచ్చిన రైతునకు ఒక ఫారము గలదు. బ్రదికి క్రుంగుచున్న రైతునకు ఫారము లేదు. నష్టమునకు వెల కట్టుట నేర్చిన రాజ్యము, నష్టము రాకుండ చూచుట ఎప్పుడు నేర్చును?

సాహిత్యమును గూర్చి చెప్పక ఈ వ్యాసమును ముగింపజాలము. ఏలయన మనకు దుఃఖమును చూచుట నేర్పినది సాహిత్యమే, తప్పుగా చూచుట నేర్పినదియు కొంతవఱకు అదియే. ఆదోని బళ్ళారి జిల్లాలో నున్న కాలమున, బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు “విషాద సారంగధర” రచించిరి. తెలుగున తొలి విషాదాంత నాటకముగా అది పేరొందినది. మంగళాంతముగా ముగింపవలెనను సంప్రదాయమును కాదని, అన్యాయమునకు బలియైనవాని దుఃఖమును దుఃఖముగానే రంగమున నిలుపుటకు సాహసము కావలెను. దానివలన ప్రేక్షకులు చెడిపోలేదు. ఒక నిరపరాధి కొఱకు కలిసి యేడ్చుట నేర్చిరి. విషాదము రచనలో ఉండరాదనువారితో మాకు పొత్తు లేదు.

అయితే విషాదమును చూపుట వేఱు, దానిని అలంకరించుట వేఱు. శరత్ బాబు 1917లో ప్రకటించిన “దేవదాసు”ను, 1953లో తెలుగు చలనచిత్రమైన తరువాత మన మెట్లు స్వీకరించితిమి? ఆ నటన గొప్పది, ఆ పాటలు మధురములు, కాదనము. కాని చికిత్స కావలసిన మనుష్యుని ప్రేమకు ఆదర్శమూర్తిని గావించి, శాలువయు కుక్కయు సీసాయు మూడును భగ్నప్రేమకు యూనిఫారముగా మన యువకులు ధరించిరి. త్రాగి నశించుట ప్రేమకు కొలతబద్ద యైనది. పార్వతి మౌనమునకు మాత్రము పాట దొరకలేదు. మన సీమ కరవు కథలలోను ఒక దోషము ప్రవేశించినది. ఆఖరి పంక్తిలో రైతును చంపి పాఠకుని కన్నీరు రాబట్టుట కొందఱికి సులభమైన మార్గమైనది. ఆ చావే సమస్యకు సమాధానమన్నట్లు, అదియే వానికి మిగిలిన గౌరవమన్నట్లు వ్రాయుచున్నారు. ఆ కథను క్రుంగియున్న రైతు కుమారుడు చదువునని వారికి తోచుట లేదా?

గోపీచందు “అసమర్థుని జీవయాత్ర” ఇంకొక మార్గమున నడచినది. అందు సీతారామారావు ఎట్లు మెట్టుమెట్టుగా తనలో తాను కూలిపోయెనో, చుట్టునున్నవారు ఆ కూలుటను ఎట్లు చూచుచు నుండిరో రచయిత దాచక చూపెను. ముగింపు విషాదమే; కాని చదివినవాడు దానిని కోరుకొనడు, భయపడును, తన యింట నెవరైన అట్లున్నారేమో యని తలయెత్తి చూచును. గురజాడవారి పూర్ణమ్మ కథ విని కంట తడి పెట్టనివారు లేరు. ముసలివరుని కట్టబెట్టిన తల్లిదండ్రులపై కోపము రానివారును లేరు. దుఃఖమును కారణముతో గూడ చూపినది సాహిత్యము. కారణమును దాచి కన్నీరు మాత్రమమ్మునది వర్తకము. మాలతీ చందూరుగారు 1952 మొదలు దశాబ్దముల పాటు ఆంధ్రప్రభ వారపత్రికలో “ప్రమదావనం” శీర్షికన పాఠకుల ప్రశ్నలకు జవాబులు వ్రాసిరి. ఇంటివారితో చెప్పుకొనలేని బాధను ఎందఱో స్త్రీలు ముక్కుమొగ మెఱుగని పత్రికకు వ్రాసికొనిరన్న, అది పత్రికకు కీర్తియే గాని మన యిండ్లకు కీర్తి యగునా?

చదువరులారా, చేయవలసిన దేమని అడుగుదురు. మొదటిది, అడుగుడు. “ఎట్లున్నావు?” అని వీధిలో అడిగినట్లు గాక, ప్రక్కన కూర్చుండి “నిద్ర పట్టుచున్నదా? అన్నము సహించుచున్నదా? చావవలెనని తోచుచున్నదా?” అని అడుగుడు. చావును గూర్చి అడిగిన ఆ తలంపు పుట్టునని భయపడువారు గలరు. అది నిజము కాదు. అడిగినందున బరువు దిగును. రెండవది, వినుడు, ఉపన్యాస మీయకుడు, ఇంతకంటె కష్టపడినవారి జాబితా చదువకుడు. మూడవది, వెంట పొండు. క్రుంగినవానికి ఆసుపత్రి గడప యెక్కుట కొండ యెక్కుట వంటిది. నాలుగవది, పొలము మందులను పడకయింట నుంచక తాళమున్న చోట నుంచుడు. శ్రీలంకలో అతి విషపూరితములైన పురుగుమందులను నిషేధించిన తరువాత ఆత్మహత్యలు ఎంతగానో తగ్గినవి. ఆపదక్షణమును దాటించిన మనుష్యుడు బ్రదుకును. అయిదవది, పెండ్లి సంబంధములు తప్పునను భయముతో వ్యాధిని దాచకుడు. దాచిన వ్యాధి పెండ్లితో మానదు. ఇంకొక యింటి ఆడబిడ్డను గూడ దుఃఖపెట్టును. వ్యాధి మానునని మనమే నమ్మి బహిరంగముగా చెప్పిన, సంబంధములు తప్పు కాలము తానే పోవును.

నూలు కొనుటకు శక్తి లేక, గుడ్డ అమ్ముటకు దారి లేక చెదరియున్న నేతగాండ్రతో 1938లో ఎమ్మిగనూరున ఒక సంఘము కట్టబడినది. ఒక్కని వలన కానిది పదిమంది వలన నగునని ఆ సంఘము ఋజువు చేసినది. నూలునకు సంఘము కట్టుకొన్న మనము నోవునకు కట్టుకొనలేమా? ప్రతి పేటలోను, ప్రతి మహిళాసంఘములోను, ప్రతి గ్రంథాలయమునను వారమునకొక గంట, ఎవరు వచ్చినను వినువారిరువురు కూర్చుండిన చాలును. సుగ్గికి పోయినవారి యిండ్ల ముసలివారిని వారమునకొకమాఱు పలుకరించిన చాలును. దీనికి చందాలక్కఱలేదు, భవనమక్కఱలేదు. ఆ గంటలో మందు కావలసినవారెవరో తెలియును. తెలిసిన తరువాత ఆసుపత్రిని అడుగుటకు పదిమంది గొంతులుండును.

సామెతలు మాఱవని యెవరును చెప్పలేదు. ఆడుబిడ్డకు చదువెందుకను మాటలు ఒకనాడు సామెతలవలెనే చెల్లినవి. మన తాతలనాటి సంస్కర్తలు వానిని నోట పలుకుటకు సిగ్గుపడునట్లు చేసిరి. ఈ సామెత వంతు మనది. ఇకమీద మీ యింట నెవరైన “మనోవ్యాధికి మందు లే”దన్నప్పుడు విని యూరకుండకుడు. మందున్నదనుడు, మాటయు ఒక మందే యనుడు, పద, నేనును వచ్చెద ననుడు.